జేబులో ఫ్యూజు

ఓడలు తమను తామే నడుపుకుంటున్న ఈ రోజుల్లో కూడా, మోటారు విప్పేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునే అలవాటు మెకానిక్ పైడిరాజు మానలేదు. అది తన దగ్గరుంటే ఇంకెవరూ కరెంటు ఇవ్వలేరని ధైర్యం.

ఆ రోజు ఇంజనును చల్లబరిచే సముద్రపు నీటి పంపు విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, రెక్కలకు చుట్టుకున్న వల ముక్కలు లాగుతున్నాడు.

"ఇంకెంతసేపు బాబాయ్? ఇంజను వేడెక్కిపోతంది," అంది ఓడ. పనివాళ్ల దగ్గర వినివిని వాళ్ల యాసే నేర్చింది.

"పది నిమిషాలు ఆగు."

"ఆగనేను బాబాయ్."

పైడిరాజు నవ్వాడు. "ఫ్యూజు నా జేబులో ఉన్నాది. ఏటి సేస్తావు?"

"పోయిన నెల నువ్వది పీకినప్పుడు నాకు బయమేసింది బాబాయ్. అందుకే రోబోలసేత ఫ్యూజుతో పనినేకుండా పంపుకి ఇంకో వైరు ఏయించుకున్నాను."

లోపల, వేళ్ల కింద, రెక్క మెల్లగా కదిలింది.