బొమ్మకో ఊలు టోపీ

ఇందు బొమ్మకు జుట్టంతా ఊడిపోయింది.

ఆరేళ్ల ఇందు దానికి రోజూ తలంటి పోస్తే ఊడక ఏమవుతుంది!

"అమ్మా, బోడిగుండు బాగలేదు. దీనికి ఊలు టోపీ కావాల."

"నేను అల్లి పెడతాలే బంగారూ" అంది వాసవి.

ఆదోని బజారుకు పోయి ఎర్ర ఊలు, రెండు సూదులు కొని తెచ్చింది. ఫోనులో వీడియో పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టింది. మొదటి టోపీ బొమ్మ మెడదాకా జారింది. రెండోది నెత్తిమీద నిలవనే లేదు.

ఇందు పకపకా నవ్వింది.

వరండాలో వేరుశెనగకాయలు ఒలుస్తున్న హులిగమ్మ తలెత్తి చూసింది.

ఆమె ఆ ఇంటికి వచ్చి మూడు రోజులే అయింది. కోసిగి దగ్గర ఏదో పల్లె. వాసవి భర్త గురురాజ పత్తి వ్యాపారి. "గోనెగండ్ల సేనికి విత్తనం శెనగబుడ్డలు ఒలిపించల్ల కదా. పది దినాలు వచ్చి పోతుంది" అని ఆయనే పంపించాడు.

"ఇట్ల తా పాపా, నేను సూస్తా" అంది హులిగమ్మ.

"నీకొస్తుందా?" అంది వాసవి.

"బెంగళూర్ల కట్టడం పనికి పోయినప్పుడు పక్క గుడిసెలో అవ్వ నేర్పించిందమ్మా."

మర్నాడు పాత గొడుగు పుల్లలు రెండు తెచ్చుకుంది. బొమ్మ తలకు దారం చుట్టి కొలత తీసింది. సాయంత్రానికి టోపీ అయింది. చెవులు మూసేటట్టు, కొనకు చిన్న కుచ్చుతో, అచ్చు దానికోసమే పుట్టినట్టుంది.

ఇందు ఎగిరి వెళ్లి హులిగమ్మ మెడకు చుట్టుకుంది.

వాసవి కళ్లలో కారం పడ్డట్టయింది.

ఆ రోజునుంచి ఇందుకు అన్నిటికీ హులిగమ్మే. జడ ఆమే వేయాలి. ముద్ద ఆమే పెట్టాలి.

"పిన్నమ్మా, నా పక్కన కూసో!"

"ఎవరే నీకు పిన్నమ్మ? పనికొచ్చిన మనిషి!" అని కసిరింది వాసవి.

హులిగమ్మ తల దించుకుని కాయలు ఒలుచుకుంటూనే ఉంది.

ఎనిమిదో రోజు ఇందు బడికి పోయింది. బొమ్మ ఒక్కటే మంచంమీద టోపీ పెట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు పక్కకు తిరిగినా వాసవి చూపు దానిమీదికే పోయింది.

కత్తెర తీసుకుంది. కొసన ముడి కత్తిరించి లాగింది.

టోపీ సరసరా ఊడి వచ్చింది. లాగుతున్నంతసేపూ ప్రాణానికి హాయిగానే ఉంది. చేతిలో వంకీలు తిరిగిన ఊలు మిగిలాక మాత్రం వాకిలి వైపు చూసింది. గబగబా దాన్ని బుట్టలో కుక్కింది.

బడినుంచి వచ్చిన ఇందు ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది.

"నా టోపీ యాడమ్మా?"

"నాకేం తెలుసు? గట్టిగ అల్లింటే కదా నిలిచేది! అదే ఊడిపోయింది."

ఏడుపు విని హులిగమ్మ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. బుట్ట అంచునుంచి ఊలు కొస వేలాడుతోంది. కత్తెర పడిన కొస.

ఆమె దాన్ని చూసింది. వాసవిని చూసింది.

వాసవి తల దించుకుంది.

హులిగమ్మ ఇందు ముందు గొంతుకూర్చుంది.

"తప్పు నాదే బంగారూ. కొస సరిగ్గ ముడెయ్యలేదు. ఈసారి మీయమ్మ అల్లుతాది. నాకంటే బాగొస్తాది సూడు."

"నాకు రాదు" అంది వాసవి, తల ఎత్తకుండా.

"వస్తాదమ్మా. నేను పక్కన కూసుంటా."

కూర్చుంది. సూదులు మాత్రం ఒక్కసారి కూడా తాకలేదు.

"అంత బిగించి లాగొద్దమ్మా. వదులుగ ఉండనీ... ఆఁ, అట్ల. ఇంగ ఈ వరసలో రెండు తగ్గించు."

దీపాలు పెట్టే వేళకు అదే ఊలుతో, వాసవి చేతుల్లోనే టోపీ తయారైంది. కొంచెం వంకర. అయినా బొమ్మ తలకు సరిపోయింది.

"మాయమ్మే అల్లింది!" అని ఇందు తల్లిని వాటేసుకుంది.

హులిగమ్మ వాళ్లిద్దరినీ చూసి నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మూట తీసుకుంది.

"రేపు పెందలాడే రా హులిగమ్మా" అంది వాసవి. ఆమెతో మెత్తగా మాట్లాడడం అదే మొదలు.

హులిగమ్మ రాలేదు. మర్నాడూ రాలేదు.

మూడో రోజు వాసవి ఉండబట్టలేక భర్తను అడిగింది.

"ఆ హులిగమ్మ యాడ ఉంటుందండీ? ఆమెకు నేనొక మాట చెప్పుకోవాల."

"యాడని చెప్పేది? నిన్ననే మొగుడూ పెండ్లాం పనికని రైలెక్కిపోయినారు. ఈసారి ఏ ఊరో వాళ్లకే తెలీదు."

"పది దినాలని చెప్పి, పని పూర్తి గాకుండానే పోయిందే!"

గురురాజ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"పని కోసం రాలేదు వాసవీ. పాపను కండ్లారా సూసుకుంటా, ఏదన్నా పని పేరు సెప్పి ఇంటికి పంపించన్నా అని వచ్చి అడిగింది. నీకు మాత్రం సెప్పొద్దనింది. తెలిస్తే తల్లి మనసు కష్టపడుతుందని ఆరేండ్ల కిందటే నాతో ఒట్టేయించుకునింది."

"మన పాపను ఆమె సూసుకునేదేంది?"

"ఇందు పుట్టినప్పుడు కర్నూలు ఆసుపత్రిలో నువ్వు పదకొండు దినాలు తెలివి లేకుండా పడుంటివి" అన్నాడు గురురాజ. "పురిట్లోనే పోయిన తన బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి, ఆ పదకొండు దినాలూ మన ఇందుకు పాలిచ్చింది ఆయమ్మే."