కొత్త మెంబరు

"ధనశేఖర్ గారేనా? మామిడి రైతుల వెబ్‌సైటు నుంచి ఎస్తేరును మాట్లాడతా ఉండా. కొత్తగా చేరినారు కదా, మీ తోటలో ఏం చెట్లు?"

"నీలం మామిడి, పాపా. పూతలపట్టు రోడ్డు పక్కనే. ఈ ఏడు కాపు సూడాల..."

"చాలు పెద్దాయనా. పోయిన వారం కుప్పుస్వామి అని చేరి బేనీషా తోట అన్నారు. అంతకుముందు మునిచంద్ర, తోతాపురి. గొంతూ ఒకటే, నంబరూ ఒకటే."



రమ్మీ ఆటలోళ్లు, లోను యాప్‌లోళ్లు దొంగ పేర్లతో దూరి ఆ సైటును చెత్తకుప్ప చేసి పెట్టినారు. అందుకే ఎవరు చేరినా ఎస్తేరు ఫోన్ చేసి, నిజంగా రైతేనా అని మాటల్లో పెట్టి కనుక్కోవాల. దొంగ పేరైతే మళ్లా చేరకుండా ఆ నంబరు బ్లాక్ చెయ్యాల. రేణిగుంటలో అద్దె గదిలో ఒక్కతే కూర్చుని చేసే పని. చానామంది అడిగిందానికి ముక్తసరిగా చెప్పి ఫోన్ పెట్టేస్తారు.

"నిజం చెప్పండి. తోట యాడుండాది?"

"తోట యాడిది తల్లీ. జ్యూసు ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌ను. నా పేరు మునస్వామి. సీజనైపోయినాక ఈ పక్కకు కుక్క కూడా రాదు. సైటులో చేరితే నువ్వు ఫోన్ చేస్తావు, నా తోట గురించి అడుగుతావు. నన్ను ఇంకెవరు అడుగుతారు చెప్పు?"

ఎస్తేరుకు జాలేసింది. అయినా రూలు రూలే. "మళ్లా ఇట్ల చెయ్యొద్దండి" అని బ్లాక్ నొక్కేసింది.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. లేని తోటను ఎంత బాగా చెప్పేవాడు! చిలకలు కొట్టిన కాయలంట, చెట్టు కింద మంచమంట. రెండోతూరే దొంగ పేరని తెలిసీ, బ్లాక్ చెయ్యకుండా ఎందుకు విన్నానా అనుకునింది. సైటులో కొత్తగా చేరినోళ్ల లిస్టు చూస్తా కూర్చునింది. ఆ నంబరు రాకుండా చేసింది తనే కదా, ఎట్లొస్తాది? దిగులు పట్టుకునింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, కంప్యూటరు ముందు కాసేపు కూర్చుని, ఫోన్ తీసింది.

"బాలాజీ గారేనా? ఈ నంబరుతో కొత్తగా చేరినారు."

మునస్వామి బెదిరిపోయినాడు. "ఒట్టు పాపా, ఈ తూరి నేను కాదు. ఎవరో నా నంబరు వేసినారు. కేసూ గీసూ పెట్టొద్దు తల్లీ."

"ఎవరో కాదు, బ్లాక్ తీసి నేనే వేసినాను" అనింది ఎస్తేరు. "చెప్పండి, ఈ తూరి తోటలో ఏం చెట్లు?"