నాగులమ్మ సంగటి

రేణిగుంట స్టేషను గోడవారన బతికే నాగులమ్మ భుజాల మీద, ఇల్లిల్లూ తిరిగి బైబిలు చెప్పే బైబిలమ్మ రూతమ్మ కంబళి కప్పబోయింది.

ముసలామె విదిలించి కొట్టింది. "వద్దని ఎన్నిసార్లు సెప్పాల?"

"మా మిషను ఆశ్రమంలో మంచముండాది, కూడుండాది. రా అవ్వా! నీకోసం ప్రార్థన చేస్తా ఉండాను."

"సేసుకో. మిలిటరీ రైళ్లు రాల్చిన బొగ్గేరి, అమ్మి కొన్న రాగులివి. నా సంగటి ఒక ముద్ద తింటావా?"

రూతమ్మ మసిబారిన సట్టి వైపు చూసింది. "నాకు ఆకలి లేదవ్వా."

"నాకూ సలి లేదు, పో! పెట్టేదే తెలుసా నీకు, ఒకరు పెడితే తినేది తెలీదా?"

కంబళి మడవబోయిన రూతమ్మ ఆగింది. దాన్ని పక్కన పెట్టి, మట్టిలో కూర్చుని చెయ్యి చాచింది. ముద్ద మింగి, "ఉప్పు చాల్లేదవ్వా" అంది.

నాగులమ్మ మొదటిసారి నవ్వింది.

"రేపొచ్చేటప్పుడు రవ్వంత తీసకరా. కంబళి మాత్రం తేబాక."