రాగిచేని వీరుడు

“ఇంకో పిడికెడు పిండి చల్లు మారమ్మా,” అన్నాడు మూర్తి, రాతిమీదనుంచి కళ్లు తియ్యకుండా.

నంజుండప్ప పెళ్లాం మారమ్మ చేటలోని బియ్యప్పిండిని రాతికేసి చల్లింది. మూర్తి దాన్ని అరచేత్తో రుద్దాడు. ఇన్నేళ్లూ నంజుండప్ప ఆవును కట్టేసుకున్న రాతిమీద తెల్లటి అక్షరాలు వరసగా తేలాయి. నంగలి దగ్గరి ఆ ఊళ్లో సగంమంది రాగిచేని గట్టున మూగి ఉన్నారు.

మూర్తి కేజీఎఫ్ గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. అతనూ, మాలూరు టీచరమ్మ నేత్రా, ఇంకో పదిమందీ కలిసి ఆదివారాలు ఊళ్లమీద పడతారు. పాత రాళ్లు వెతికి, చదివి, ఫోటో తీసి, ఆ ఊరి కథ ఆ ఊరికే చెప్పి, పక్కన ఒక బోర్డు నాటి పోతారు. ఎవరూ అడగరు, ఎవరూ ఏమీ ఇవ్వరు. వాళ్లకదో పిచ్చి.

“ఇది వీరగల్లు,” అన్నాడు మూర్తి. “పోట్లాడి ప్రాణం ఇచ్చినోళ్లకు నిలబెట్టే రాయి. పైన పాత కన్నడంలో రాత, కింద బొమ్మ. బొమ్మ మట్టిలో పూడిపోయుండాది. పంది మూతి మాత్రం కనబడతా ఉండాది.”

“పేరేమన్నా ఉండాదా?” అన్నాడు నంజుండప్ప.

“మొదట్లో పెచ్చు ఊడిపోయింది. ఆ తర్వాత... కరియ.”

“కరియ!” నంజుండప్ప గట్టుమీదనుంచి జారబోయి నిలదొక్కుకున్నాడు. “మా ముత్తాత కరియప్ప! చేను మాది, రాయి మాది, పేరు మాది. ఇంగేం కావాల?”

“కరియ పేరున్నోళ్లు ఊరికి పదిమంది. ముందు చదవనీ,” అన్నాడు గుండప్ప, చేతులు కట్టుకుని.

ఊరి గంగమ్మ జాతరలో మొదటి తాంబూలం తాతల కాలంనుంచీ గుండప్ప ఇంటికే. రెండోది పూజారికి. నంజుండప్ప వంతు వచ్చేసరికి పళ్లెంలో చీలిన ఆకులూ, వక్క నుసీ మిగిలేవి. “మీ ఇంట్లో ప్రాణం ఇచ్చినోడు ఎవడన్నా ఉండాడా?” అని గుండప్ప ప్రతి ఏడూ అడిగేవాడు. ప్రతి ఏడూ నంజుండప్ప ఆ నుసే నములుతూ తల దించుకునేవాడు.

మూర్తి వేలితో ఒక్కొక్క అక్షరాన్నీ తడుముతూ తెలుగులో చెప్పసాగాడు. “‘పెట్టిన కూడు తిని, జీతమడగక, యజమాని వాకిలి కాచె...’”

“జీతమడగక! విన్నారా?” నంజుండప్ప అందరి వైపూ చూశాడు. “మావోళ్లు నమ్మినారంటే అంతే!”

“‘వేటలో అందరికన్నా ముందు పరుగెత్తె...’”

“కూడు పెట్టినానంటే ఈయనా అంతే,” అంది మారమ్మ. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“‘పంది గొంతు పట్టె. పట్టు విడవక, దానితో కూడా ప్రాణం విడిచె. యజమాని ఏడ్చి ఈ రాయి నిలిపె.’”

“అదీ!” నంజుండప్ప తొడ చరిచాడు. “గుండప్పన్నా, గట్టు తగాదాలో నీ మింద ఏడేండ్లు కోర్టుకు తిరిగినానే, పట్టు విడిచినానా? అది యాణ్ణించి వచ్చింది? ఈయన రక్తం!”

“అంతా బాగుండాది. కత్తి యాడ? బల్లెం యాడ?” అన్నాడు గుండప్ప.

“కత్తి ఎందుకన్నా మావోళ్లకు? వట్టి చేతులే చాలు!”

మూర్తి తల గోక్కున్నాడు. “అదే నాకూ తెగలేదు. మట్టి తీసి, బొమ్మ చూసి మాట్లాడుకుందాం.”

“బొమ్మ యాడికి పోతాది? ముందు రాసుకోమ్మా,” అని నంజుండప్ప నేత్ర వైపు తిరిగాడు.

రాతి గురించి ఊరివాళ్లు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రిజిస్టరులో రాసి, చదివి వినిపించి, సాక్షి సంతకంతో బోర్డుకెక్కించడం ఆ గుంపు పద్ధతి.

“అన్నా, పెయింటు ఆరినాక మార్చేదానికి లేదు,” అంది నేత్ర.

“నేనెందుకు మారుస్తా? రాసుకో. ‘ఈ రాతిమీది వీరుడు మా మూలపురుషుడు. మా ఇంటిల్లిపాదికీ ఆయన గుణాలే వచ్చినాయి.’ రాసినావా? ‘పోలికలు కూడా’ అని చేర్చు.”

“ముఖం ఇంకా చూడనేలేదు కదన్నా?”

“నన్ను చూస్తా ఉండావు కదమ్మా!”

నంజుండప్ప సంతకం పెట్టాడు. సాక్షి కోసం అందరూ గుండప్పను చూశారు. గుండప్ప కాసేపు పంది మూతిని చూశాడు, కాసేపు నంజుండప్పను చూశాడు. చివరికి పెన్ను అందుకున్నాడు.

“ఊరందరి ముందర చెబుతా ఉండాను. ఇంగ మొదటి తాంబూలం నంజుండప్ప ఇంటికే. మాట తప్పను.”

నంజుండప్ప తలగుడ్డ సవరించుకున్నాడు. మారమ్మ ఎగతాళి మాని, రాతికి కుంకుమ పెట్టి చెంపలేసుకుంది. ఆమె వెనకే ఊరంతా దండం పెట్టింది.

“పార ఇట్లియ్యండి. మా పెద్దాయన మింద మట్టి నేనే తీస్తా.”

నంజుండప్ప రాతి మొదలు దగ్గర తవ్వుతూ పోయాడు. పంది వీపు వచ్చింది. కాళ్లు వచ్చాయి. దాని గొంతు దగ్గర, మట్టి కప్పుకుని, వీరుడు. మారమ్మ చెంబుతో నీళ్లు పోసింది. నంజుండప్ప తలగుడ్డ విప్పి భక్తిగా తుడిచాడు. ఊరంతా వంగింది. గుండప్ప అందరికన్నా ఎక్కువ వంగాడు.

వీరుడికి వంకర తోక ఉంది.