నాలుగు క్లిప్పుల మూత

“ఎవరో దిగారమ్మా,” అన్నాడు టబ్బు మేస్త్రీ, తెల్లబడిన కాగితపు పట్టీని వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని.

ఆ మాట అనేవాడి కోసమే చిన్నకోడలు మూడు రోజులుగా ఎదురుచూసింది. తీరా అన్నాక వెనక్కి తిరిగి భర్త మొహం చూసింది. వెనక నిలబడ్డ భర్త గోడ గడియారం చూశాడు. మూడు దాటింది. అయిదింటికి ఆమె అన్నయ్య వస్తాడు, ఆమెను తీసుకుపోవడానికి.

వెనక వరండాలో ఆ వేడినీళ్ల టబ్బు పెట్టి ఇరవై రోజులైంది. పక్షవాతంతో నోరూ కాళ్లూ పడిపోయి తొమ్మిది నెలలుగా మంచాన ఉన్న అత్తగారి కోసం పెట్టించారు. వేడినీళ్లలో కాళ్లు ఆడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు. వారానికి రెండుసార్లు మొగుడూ పెళ్లాలిద్దరూ ఆవిణ్ణి ఎత్తుకొచ్చి అందులో కూర్చోబెడతారు. మిగతా వేళల్లో టబ్బు మీద మూత, మూతకి నాలుగు క్లిప్పులు.

పదో రోజు నుంచి ఆ క్లిప్పులు వాటంతటవే ఊడటం మొదలైంది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే మూత సగం తెరిచి ఉండేది. మనిషి అప్పుడే లేచి వెళ్లినట్టు నీళ్లు ఊగుతుండేవి. తడి అడుగులు వరండా దాటి, ఎండ కాసే పెరటి గోడ దాకా సాగి, అక్కడ మాయమయ్యేవి. తాటిచెట్టంత గోడ అది.

మొదట్లో భర్త నవ్వేశాడు. దయ్యానికి నడుం నొప్పేమో, పాపం కాసేపు కాపడం పెట్టుకోనీ అన్నాడు. మొన్న ఆమె పెట్టిన కేకకి చుట్టుపక్కల వాళ్లు పోగయ్యాక నవ్వడం మానేశాడు. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి, మంచి డాక్టరుకి చూపించుకుని రమ్మన్నాడు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో చెప్పలేదు. పిచ్చిదన్న పేరుతో ఆ గుమ్మం దాటితే మళ్లీ లోపలికి రావడం కల్ల అని ఆమెకి తెలుసు. అందుకే సాక్ష్యానికి మేస్త్రీని పిలిపించింది.

అతను పొద్దున పదకొండింటికి వచ్చి ఫిల్టరు కడిగాడు. క్లోరిన్ గుళికలు కొలిచి వేసి, మోటారు తిప్పి, పట్టీ ముంచి ముదురు ఊదారంగు వచ్చాక చూపించాడు. మనిషి దిగితే ఒంటి చెమటా జిడ్డూ క్లోరిన్‌ని తినేస్తాయట. దిగకపోతే నాలుగు గంటలకి రంగు పెద్దగా మారదట. క్లిప్పులు నాలుగూ తన చేత్తోనే నొక్కాడు.

“మనుషులకైతే మొహమాటం ఉంటుందమ్మా, నీళ్లకి ఉండదు. మూడింటికి వస్తా,” అని వేరే ఇంటికి వెళ్లాడు.

భర్త వీధి తలుపు పక్కనే ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నాడు. తను వాడుకుంటున్న అత్తగారి చెప్పులు గది బయట విడిచి, ఆమె ఆవిడకి స్పూనుతో తినిపించి, మూతి తుడిచి, ఎప్పట్లాగే జవాబు రాని కబుర్లు చెప్పింది. మీరు లేచి తిరిగిన రోజున మీ పెద్దకొడుకు తీసుకుపోతానన్నాడు కదా, అక్కడ మీకు గోడలే తోడు, తొందరపడకండి అత్తయ్యా అని నవ్వించబోయింది. ఆవిడ చూపు పైకప్పు మీంచి కదల్లేదు. తల పగిలిపోతుంటే కోడలు పక్కగదిలో కాసేపు నడుం వాల్చింది. మొద్దునిద్ర పట్టేసింది. నిద్రలో ఎక్కడో నీళ్ల చప్పుడు వినబడినట్టే ఉంది.

ఇప్పుడు పట్టీ పాలలా తెల్లగా ఉంది.

“వీధి తలుపు దగ్గర నేనున్నాను,” అన్నాడు భర్త నెమ్మదిగా. “పెరటి గోడ తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. ఈ ఇంట్లో లేచి తిరిగేది మనిద్దరమే. నేను దిగలేదు.”

ఆమె మేస్త్రీ వైపు చూసింది. నీళ్ల సంగతైతే చెప్పగలను గానీ మనుషుల సంగతి నాకు తెలీదని అతను తల వంచుకుని సంచి సర్దుకున్నాడు. సాక్ష్యానికని తెచ్చుకున్న మనిషే ఉరి బిగించినట్టయింది.

టబ్బు మెట్టు మీద ఒక తడి అడుగు ఇంకా ఆరలేదు. భర్త దాన్నే చూస్తూ, కాలు పెట్టి చూడమన్నాడు. పెట్టింది. మడమ నుంచి బొటనవేలి దాకా అచ్చు పోసినట్టు సరిపోయింది.

ఒంటి మీద బట్టలు పొడిగానే ఉన్నాయని చెప్పింది. మార్చుకున్నావేమో అన్నాడు అతను, కోపం లేకుండా, జాలిగా. ఆ జాలికే ఆమె బెదిరింది. పడుకునే ముందు ఏ చీర కట్టుకుందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. తొమ్మిది నెలలుగా కంటినిండా నిద్ర లేదు. నిద్రలోనే నడిచి వచ్చిందా? తన చేతులే ఆ క్లిప్పులు తీస్తున్నాయా? అరచేతులు తిప్పి చూసుకుంది. ఎవరివో చేతుల్లా ఉన్నాయి. వెనకాల మోటారు దానంతటదే అందుకోగానే నీళ్లు గుటక వేసినట్టు చప్పుడు చేశాయి.

అయిదింటికి అన్నయ్య వచ్చాడు. భర్త గుమ్మంలోనే అంతా చెప్పాడు. ఆమె సంచి పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది. రేపటి నుంచి మందులు ఏ వేళకి వేయాలో వెనకే వచ్చిన భర్తకి ఒక్కొక్కటే అప్పజెప్పి, దుప్పటి సరిచేసింది. వాళ్ల వెంటే వచ్చిన అన్నయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“నిజం చెప్పు తల్లీ. ఆ నీళ్లలోకి దిగుతున్నది నువ్వేనా?”

ఆమె మరోసారి అరచేతులు చూసుకుంది.

“నేనే అయ్యుంటాను, అన్నయ్యా.”

సంచి అందుకోబోయిన అన్నయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మంచం మీంచి, తుప్పు పట్టిన గడియ తీసినట్టు, ఒక గొంతు లేచింది.

“కాదు, నేను.”