మూత మీద కుర్చీ

కాంక్రీటు మూత మీద కుర్చీ వేసుకుని కూర్చుంది అత్తగారు. కాళ్ల దగ్గర, మూత మీదే, అంచుదాకా నీళ్లు పోసిన గాజు గ్లాసు.

"నేనుండగా దీన్ని ఎలా తిప్పుతారో చూస్తా," అంది.

మూత కింద గోతిలో లారీ అంత బరువున్న ఉక్కు చక్రం ఉంది. మబ్బు పట్టి సోలార్ కరెంటు పడిపోయినా, మిల్లు మోటార్లన్నీ ఒక్కసారిగా లాగినా, తిరిగే చక్రం తన ఊపునే కరెంటుగా మార్చి లైనుకి అందిస్తుంది. ఊళ్లో దీపాలు తడబడవు. దాన్ని చూసుకునే ఇంజినీరు సొంత కోడలే.

గోతికీ అత్తగారి ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఒకప్పుడు అక్కడే పిండిమర ఉండేది. అది ఆడితే ఇంట్లో మంచాలు కదిలేవి. ఆ అదురుకి పాత గోడ నిలువునా చీలితే, తాపీమేస్త్రీ అయిన మామగారు పడగొట్టి మళ్లీ కట్టారు. ఆయన చేతి ఆఖరి పని అది.

"పిండిమరకే అలా అయితే, ఈ ఏనుగు తిరిగితే ఆయన గోడ నిలుస్తుందా?"

"గాలి తీసేసిన డబ్బాలో, అయస్కాంతాల మీద తేలుతూ తిరుగుతుందత్తయ్యా. దేనికీ తగలదు. అదురు రాదు."

"పిండిమర వాడూ ఇలాగే చెప్పాడు. వాడికి నీ అంత చదువు లేదు, అంతే తేడా."

కోడలు నవ్వు ఆపుకుంది. "సరే. ఆ గ్లాసులోంచి ఒక్క చుక్క తొణికినా చక్రాన్ని నేనే పీకిస్తాను. ఒట్టు."

"మాట మీద ఉండు."

రోజూ పొద్దున్నే కుర్చీ వచ్చేది. అత్తగారు మూత మీదే కూరగాయలు తరిగేది, కునుకు తీసేది, లేస్తూనే గ్లాసుకేసి చూసేది. మధ్యాహ్నం కోడలు కారియర్ తెచ్చి, ఎండకి నీళ్లు తగ్గితే నింపి వెళ్లేది.

ఒకరోజు ప్రారంభోత్సవానికి పెద్దాఫీసరు వచ్చాడు. మీట నొక్కాలి, మూత పక్కన నిలబడి ఫొటో దిగాలి. కుర్చీని చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఎవరావిడ? లేపండి."

"లేవను," అంది అత్తగారు.

"లేపను," అంది కోడలు.

"మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా?"

"ఆలోచించాను సార్. మీట ఆ గదిలో ఉంది, కావాలంటే నొక్కుకోండి. మా అత్తగారి కుర్చీని మాత్రం ఎవరూ ముట్టుకోరు."

"మనిషిని పైన పెట్టుకుని నొక్కమంటారా? రేపు పేపర్లో నా పేరు పడాలా?" ఆయన విసురుగా కారెక్కాడు. రిబ్బను కత్తెర పళ్లెంలోనే ఉండిపోయింది.

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలింది. గ్లాసులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎదురుగా గోడ మీద వెంట్రుకవాసి గీత కూడా లేదు.

"చూశావా, నేను కూర్చున్నాక దీన్ని తిప్పే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది," అంది. "అయినా ఎందుకే ఈ హంగామా? ఈమధ్య మన లైట్లు మిణుకుమన్నది కూడా లేదు."

"గోడ బాగానే ఉందా అత్తయ్యా?"

"నిక్షేపంలా ఉంది."

"మరి గ్లాసు?"

"కనపడటం లేదూ? చుక్క తొణకలేదు."

తొలిరోజు అత్తగారు కుర్చీ తెచ్చి వేసుకునేనాటికే, మూత కింద చక్రం నిమిషానికి వేల చుట్లు తిరగడం మొదలై వారమైంది.