పీతక్క పెట్టిన మూత

ఎండలు ముదిరితే పీతలు బొరియ మూతికి బురదముద్ద పెట్టి, లోపలి తడి కాపాడుకుంటాయి. అడవి మడుగులో ఉండే పీతక్కకు ఆ విద్య తప్ప మరో విద్య రాదు. ఆ ఏడు మడుగు రోజూ వేలెడు చొప్పున తగ్గిపోతుంటే ఆమె అనుమానం గాలి మీదికి పోయింది.

"ఈ గాలి వచ్చినప్పుడల్లా మన నీళ్ళు తాగిపోతోందర్రా. మడుగుకీ మూత పెట్టేద్దాం" అంది.

కప్పలు సరేనని నీళ్ళపై తేలే అంతరతామర మొక్కలు లాక్కొచ్చి, నీటి మీద సందు లేకుండా పరిచేశాయి.

మూడో నాటికి బొచ్చె చేప మామ రొప్పుకుంటూ గట్టు పక్కకొచ్చి ఒరిగిపోయాడు.

"ఏమైంది మామా? నీళ్ళు బాగానే ఉన్నాయిగా!" అంది పీతక్క.

"నీళ్ళున్నాయమ్మా, ఊపిరే లేదు. నీళ్ళు తాగిపోతోందన్నావే, ఆ గాలే రోజూ వచ్చి నీళ్ళలో ఊపిరి కలిపి పోయేది."

నీళ్ళలో గాలేమిటి? పీతక్కకు నమ్మకం కుదరలేదు. చూద్దామని డెక్కలతో ఓ మూల ఆకులు కత్తిరించింది. గాలి ఆ సందులో దూరి నీటిని కదిపింది. మామ అక్కడే మూతి పెట్టుకుని ఉండి ఉండి, చివరికి తోక ఆడించాడు.

సాయంత్రానికల్లా పీతక్క మూతంతా తీయించింది. ఆపైన గట్టెక్కి గాలిని నిలదీసింది.

"మావాళ్ళకి ఊపిరి తెస్తున్నావు, సరే. మరి మా నీళ్ళు ఎవరికి పట్టుకెళ్తున్నావు?"

గాలి కొండ దాటిపోయింది.

మర్నాడు అటునుంచి తిరిగొస్తూ, తడిసిన మట్టి వాసన మోసుకొచ్చింది.